గాయములో చల్లిన మందు

మన యిండ్లలో ఎవరికైన దెబ్బ తగిలి నెత్తురు వచ్చినప్పుడు పెద్దలు మొదట చేయు పని గాయముమీద ఏదో యొకటి అద్దుట. మా చిన్ననాట అది పసుపు; కొన్ని యిండ్లలో కాఫీపొడి. ఇప్పుడు చదువుకొన్న కుటుంబములలో పసుపుడబ్బా స్థానమును మందుల పెట్టె ఆక్రమించినది. ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయోటిక్ క్యాప్సూలును విప్పి, అందలి పొడిని గాయముపై చల్లి, ఇక చీము పట్టదని ధైర్యము చెప్పుకొందుము. మేమును అట్లు చేసినవారమే. శస్త్రచికిత్స చేయించుకొని యింటికి వచ్చిన మా దగ్గఱి బంధువు కుట్లమీద మేమే యొకనాడు ఆ పొడిని చల్లితిమి. వైద్యుడది చూచి, కోపగింపక, "దీనివలన మేలు కలుగునని మీ కెవరు చెప్పిరి?" అని మాత్రము అడిగెను. మాయొద్ద ఉత్తరము లేదు. అందఱును చేయుచున్నారు గనుక మేమును చేసితిమి. మూఢాచారములను గూర్చి పరులకు నీతులు చెప్పుచుండెడి మేము ఆ మూఢత్వమునే మందు పేరిట మా యింట పెంచుకొంటిమి గదా యని సిగ్గుపడితిమి. ఆ సిగ్గే యీ వ్యాసమునకు మూలము.

వైద్యుడడిగిన ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దానికి నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. కోసిన గాయమునందు క్రిములు చేరకుండ ఆ గాయములోనే మందు ఉంచుట మంచిదా, కాదా? శస్త్రవైద్యులే యీ ప్రశ్నను పలుమాఱులు వేసికొనిరి, పలుమాఱులు నమ్మిరి, పలుమాఱులు తమ నమ్మకమును వదలుకొనిరి. ఆ కథను క్రమముగా చెప్పెదము.

1865వ సంవత్సరము ఆగస్టు నెలలో స్కాట్లండు నందలి గ్లాస్గో నగరపు రాయల్ ఇన్‌ఫర్మరీ అను ఆసుపత్రికి పదునొకండేండ్ల బాలు నొకని తెచ్చిరి. బండిచక్రము కాలిమీదుగా పోగా ఎముక విఱిగి, చర్మము చీలినది. చర్మము చెదరక ఎముక మాత్రము విఱిగినచో అది అతుకుకొనునని అందఱు నెఱుగుదురు. చర్మము చీలినచో గాయము కుళ్లి ప్రాణముమీదికి వచ్చుట ఆ కాలమున సామాన్యము. కావున కాలు తీసివేయుటయే తఱచుగా వైద్యమయ్యెను. చెడుగాలివలన గాయము కుళ్లునని అప్పటివారి నమ్మకము. ఆ ఆసుపత్రిలోని జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు పాశ్చరు పరిశోధనలను చదివి, గాలి కాదు, గాలిలోని సూక్ష్మజీవులే దీనికి కారణమని యూహించెను. కార్లైల్ పట్టణమున మురుగు కంపును పోగొట్టుటకు కార్బాలిక్ ఆమ్లమును వాడుచుండిరని విని, ఆ ద్రవములో తడిపిన గుడ్డను బాలుని గాయమునకు కట్టెను. ఆఱు వారములలో ఎముక అతికినది, కాలు దక్కినది.

ఒక్క బాలుడు బ్రదికినంత మాత్రమున సిద్ధాంతము స్థిరపడదు. లిస్టరు గొప్పతన మేమనగా, ఆయన లెక్క వ్రాసి పెట్టెను. ఈ పద్ధతికి ముందు తన చేతిలో అవయవములు తీసివేయబడిన 35 మందిలో 16 మంది చనిపోయిరి. పద్ధతి వచ్చిన పిమ్మట 40 మందిలో ఆర్గురు మాత్రమే చనిపోయిరి. ఈ సంఖ్యలే లోకమును కదలించినవి. అయినను లిస్టరు తన మందునకు తాను బానిస కాలేదు. శస్త్రచికిత్స జరుగు గదియందు కార్బాలిక్ తుంపరను చల్లు ఏర్పాటును 1871లో తానే మొదలుపెట్టి, అది యవసరము లేదని తెలిసికొని, 1890లో తానే విడిచిపెట్టెను. తన మాటను తానే సవరించుకొను నీ గుణమును చదువరులు గుర్తుంచుకొన వలెనని కోరుచున్నాము.

లిస్టరు వేసిన బాటలో శస్త్రవైద్యము త్వరలోనే రెండవ మెట్టెక్కెను. గాయములోని క్రిములను చంపుటకంటె, క్రిములే గాయమును చేరకుండ పరికరములను ఆవిరిలో ఉడికించుట, చేతులు కడుగుకొనుట, శుద్ధమైన వస్త్రములు వాడుట మేలని తేలినది. అట్లున్నను, గాయములో మందు పోయవలె ననెడి కోరిక చావలేదు.

1914లో ఐరోపాలో మహాసంగ్రామము ఆరంభమైనది. ఎరువు వేసిన పొలములలో త్రవ్విన కందకములలో సైనికులు గాయపడిరి. ఆ మట్టియు, చినిగిన బట్టలును గుండ్లతోపాటు మాంసములోనికి పోయెను. వైద్యులు ఆ గాయములలో ఘాటైన మందులను ధారాళముగా పోసిరి. అయినను గాయములు కుళ్లుచునే యుండెను. ఫ్రాన్సులోని బులోన్ రేవునందు ఆల్‌మ్రోత్ రైట్ అను పండితుని ప్రయోగశాలలో పనిచేయుచున్న యొక యువవైద్యుడు దీనికి కారణమును వెదకెను. ఆయన గాజుగొట్టమును వేడిచేసి, దాని ప్రక్కలను ముండ్లవలె సన్నగా బయటికి లాగెను. చిల్లులు, మూలలు, సందులు గల నిజమైన గాయమునకు ఇది ప్రతిరూపము. దానిని క్రిములు గల ద్రవముతో నింపి, పాఱబోసి, ఘాటైన మందుతో నింపి, దానిని గూడ పాఱబోసి, శుద్ధద్రవము పోసి యుంచెను. మఱునాటికి క్రిములు మఱల పెరిగియుండెను. మందు మధ్యభాగమును తాకినదే కాని, ముండ్ల చివరలను చేరలేదు. అంతేకాదు, ఆ మందులు క్రిములకంటె ముందుగా, క్రిములతో పోరాడు తెల్ల రక్తకణములను చంపుచున్నవనియు ఆయన చూపెను. మన యింటి కాపలావానిని కొట్టి పడవేసి దొంగకు తలుపు తీయుట వంటి పని యిది. గాయమునకు కావలసినది చచ్చిన మాంసమును కోసివేయుట యనియు, దానిని చేయనిదే ఏ మందును పనిచేయదనియు ఆ యుద్ధము నేర్పినది. గాజుగొట్టముతో ప్రయోగము చేసిన యువవైద్యుడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్‌ను కనుగొన బోవు చేయియే, గాయములో మందు పోయుటకు గల హద్దును ముందుగా చూపినది.

లోకము ఆ పాఠమును త్వరలోనే మఱచెను. 1935లో జర్మనీ దేశస్థుడు గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అను మందును ప్రకటించెను. అందలి గుణము సల్ఫనిలమైడ్ అను పదార్థమునదని ఆ సంవత్సరమే పారిసు పండితులు తెలిపిరి. నోట మింగిన మందు దేహమంతయు వ్యాపించి క్రిములను అణచుట అద్భుతమే. కాని, మింగిన మందు మేలు చేసినచో, గాయములోనే చల్లిన మందు ఇంకెంత మేలు చేయదని తోచుట మానవ స్వభావము. రెండవ మహాసంగ్రామమున అమెరికా సైనికుల నడుమున కట్టుకొను సంచిలో సల్ఫా పొడి పొట్లమొకటి ఉండెడిది. గాయపడినవాడు దానిని చింపి గాయములో చల్లుకొనవలెను. 1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై దాడి జరిగినప్పుడు గాయపడినవారి పుండ్లు ఆశ్చర్యకరముగా శుద్ధముగా నున్నవని వైద్యులు వ్రాసిరి. కీర్తి పొడికి దక్కెను. ఆ గాయములను కొలది గంటలలోనే శస్త్రవైద్యులు చూచిరనియు, చచ్చిన మాంసమును కోసివేసిరనియు, గాయములను వెంటనే కుట్టక తెఱచి యుంచిరనియు నున్న సంగతి వెనుకబడిపోయెను.

అప్పుడు న్యూయార్కు శస్త్రవైద్యుడు ఫ్రాంక్ మెలెనీ మొదలగువారు పలు ఆసుపత్రులలో పొడి చల్లినవారిని, చల్లనివారిని వేఱువేఱుగా లెక్కించిరి. 1943లో ఫలితము ప్రకటింపబడినది: గాయములో సల్ఫా పొడి చల్లుటవలన చీము పట్టుట తగ్గలేదు. ఎన్ని వేలమంది సైనికులు ఆ పొట్లమును చింపుచు తమకిక భయము లేదనుకొనిరో! యుద్ధము ముగియులోపలనే సైన్యపు వైద్యులు ఆ యలవాటును విడువసాగిరి.

ఈలోపల పెన్సిలిన్ వచ్చినది. ఫ్లెమింగ్ దానిని 1928లో కనుగొని, 1929లో ప్రకటించినప్పుడు, క్రిములు చేరిన చోట పూయుటకు ఉపయోగపడు మందుగానే ముఖ్యముగ దానిని భావించెను. దేహములోనికి ఎక్కించిన పెన్సిలిన్ ప్రాణరక్షణ చేయునని 1940లో ఎలుకలయందు చూపినవారు ఆక్స్‌ఫర్డు పండితులైన ఫ్లోరీ, చెయిన్ మొదలగువారు. 1941లో ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందు ఎక్కింపగా కోలుకొనుచున్నట్లే కనబడెను. కాని మందు నిలువ అయిపోయినది, ఆతడు చనిపోయెను. ఇంత అరుదైన మందును పొదుపుగా వాడుట యెట్లు? 1943లో ఫ్లోరీ, హ్యూ కెయిర్న్స్ అనువారు ఉత్తర ఆఫ్రికా యుద్ధభూమికి పోయి, సల్ఫా మందుతో కలిపిన పెన్సిలిన్ పొడిని గాయములలో చల్లించిరి. కొన్ని గాయములను త్వరగా కుట్టివేసి, సన్నని రబ్బరు గొట్టములగుండ పెన్సిలిన్ ద్రవమును లోపలికి పంపిరి. ఫలితములు బాగుగానే యుండెను. కాని గాయమున మందు ఉంచుటకు ముఖ్యకారణము దాని కొఱతయే. మందు విరివిగా దొరకిన పిమ్మట సూదిమందే నిలిచినది. చర్మముపై పూసిన పెన్సిలిన్ ఎందరికో దురదలు, దద్దుర్లు కలిగించుటయు, ఆ పిమ్మట సూదిమందు కూడ వారికి పడకపోవుటయు గమనించి, పెన్సిలిన్ లేపనములను వైద్యులు మానివేసిరి.

ఆ దినములలో క్రొత్త మందులు ఒకదాని వెంట నొకటి వచ్చెను. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థవారు ఆరియోమైసిన్‌ను ప్రకటించిరి. నేలలోని సూక్ష్మజీవినుండి దానిని రాబట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనల కెల్ల అధ్యక్షుడుగా నుండినవాడు 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ సంవత్సరమే మరణించెను. అనేక జాతుల క్రిములపై పనిచేయు ఆ మందు లేపనముగా గూడ ఇంటింటికి చేరెను. తెలుగువా డొకడు లోకమునకు మందు నిచ్చిన సంఘమునకు నాయకుడగుట మనకు గర్వకారణమే. కాని ఇట్టి మందులను ఎచ్చట బడిన నచ్చట చల్లుటవలన కలుగు చేటును గూర్చియు మనమే యెక్కువగ ఎఱిగి యుండవలెను. పెన్సిలిన్‌కు లొంగని క్రిములు పెన్సిలిన్ వాడుకలోనికి వచ్చిన కొలది యేండ్లకే ఆసుపత్రులలో వ్యాపించినవి. చాలీచాలని మోతాదు క్రిములకు మందును ఎదిరించుట నేర్పునని 1945లో నోబెలు బహుమానము అందుకొనుచు ఫ్లెమింగే హెచ్చరించెను.

ఇక మందు ఎక్కడ ఉంచవలె ననుటకంటె, ఎప్పుడు ఉంచవలె ననునది ముఖ్యమని తెలిసిన కథ వినుడు. జాన్ బర్క్ అను అమెరికా శస్త్రవైద్యుడు సీమపందికొక్కుల చర్మములోనికి క్రిములను ఎక్కించి, వేఱువేఱు వేళలలో మందిచ్చి చూచెను. క్రిములు చేరుటకు ముందే మందు రక్తములో నున్నచో పుండు చాల చిన్నదయ్యెను. క్రిములు చేరి మూడు గంటలు గడచిన పిమ్మట ఇచ్చిన మందువలన ప్రయోజనమే లేదు. ఇది 1961లో ప్రకటింపబడినది. మనుష్యులయందు నిదియే నిజమా? అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో 2847 మంది రోగులను లెక్కించి 1992లో ఫలితము తెలిపిరి. కోతకు ముందు రెండు గంటలలోపల మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 0.6 మందికి మాత్రమే గాయము చీము పట్టినది. కోత జరిగి మూడు గంటలు గడచిన పిమ్మట పుచ్చుకొన్నవారిలో నూటికి 3.3. మందు ఒక్కటే, ఆసుపత్రి ఒక్కటే. మాఱినది వేళ మాత్రము. ఇంటికి వచ్చిన పిమ్మట కుట్లమీద మేము చల్లిన పొడికి ఈ లెక్కలో ఎచ్చటను చోటు లేదు.

అయినను గాయములోనే మందు ఉంచుటకు తగిన కారణ మొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. రక్తముద్వారా పంపినచో మూత్రపిండములను చెఱుపగల మోతాదును, గాయములో మాత్రమే ఉంచినచో దేహము సహించును. కావున గాయమున మందు చాల చిక్కగా నుండును. ఈ యాలోచనతోనే హాంబర్గు నగరమున బుకోల్జ్ అను వైద్యుడు 1970 ప్రాంతమున కృత్రిమ కీళ్లను ఎముకకు అతికించు సిమెంటులో జెంటామైసిన్ కలిపెను. ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది. ఆ మందునే, గాయములో తనంతట కరగిపోవు స్పాంజిలో ఇమిడ్చి, గుండె శస్త్రచికిత్స జరిగినవారి రొమ్ముటెముక రెండు భాగముల నడుమ ఉంచిరి. స్వీడను దేశమున సుమారు 2000 మందిపై పరీక్షింపగా చీము పట్టుట నూటికి 9.0 నుండి 4.3కు దిగినదని 2005లో తెలిసెను. ఎంత సంతోషము!

కాని అమెరికాలో 1502 మంది గుండెరోగులపై చేసిన పరీక్షలో, 2010లో, స్పాంజి ఉంచినవారిలో నూటికి 8.4, ఉంచనివారిలో 8.7. తేడా లేనట్లే. ఆ సంవత్సరమే ప్రేవుల శస్త్రచికిత్స జరిగిన 602 మందిపై చేసిన మఱియొక పరీక్ష ఇంకను ఆశ్చర్యకరము: స్పాంజి ఉంచినవారిలో నూటికి 30.0 మందికి చీము పట్టగా, ఉంచనివారిలో 20.9 మందికే పట్టినది. మేలు చేయుననుకొన్నది కీడు చేసెను. ఈ పరీక్షలలో ఎవరికి స్పాంజి ఉంచవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి; కావున తమకు నచ్చిన రోగులను వైద్యులు ఏరుకొనుటకు వీలులేదు. పెర్ల్ హార్బరున లోపించినది ఈ జాగ్రత్తయే.

ఈ కథ నిరాకరణముతోనే ముగియలేదు. మోకాలి దగ్గఱను, చీలమండ దగ్గఱను ఎముకలు విఱిగి, చీము పట్టు భయ మెక్కువగానున్న 980 మందిపై జరిగిన పరీక్ష ఫలితము 2021లో వచ్చినది. గాయము కుట్టుటకు ముందు వాంకోమైసిన్ పొడి చల్లినవారిలో లోతుగా చీము పట్టినది నూటికి 6.4; చల్లనివారిలో 9.8. ఈ తేడాను గూర్చి సందేహమునకు కొంత చోటున్నను, వాంకోమైసిన్‌కు లొంగు జాతి క్రిములను మాత్రమే లెక్కించినచో 6.7 నుండి 3.3కు దిగినది, లొంగని జాతులపై అది పనిచేయలేదు. అనగా, ఫలానా యెముక, ఫలానా మందు, ఫలానా క్రిమి అయినచో మేలు కలుగవచ్చును. పొడి యన్నంతనే మేలనియు చెప్పరాదు, కీడనియు చెప్పరాదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కుట్టుటకు ముందు గాయమును యాంటీబయోటిక్ ద్రవముతో కడుగవలదనిరి. 2017లో అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ కేంద్రమువారు కోతమీద ఇట్టి లేపనములు, ద్రవములు, పొడులు వేయవలదనిరి. ఎందు కనగా, మేలు రుజువు కానిచోట కీడు మాత్రము మిగులును: దద్దుర్లు, మందునకు లొంగని క్రిములు, అన్నిటికంటె అపాయకరమైన వృథా ధైర్యము.

మా బంధువు గాయము మానినది. పొడివలన మానినదని మా యింట కొందఱు నేటికిని అనుచుందురు. అట్లనుకొనుట ఎంత సులభమో మేమెఱుగుదుము. కంటికి కనబడునట్లు చల్లిన తెల్లని పొడి జ్ఞాపకముండును. కోతకు గంటముందు నరములోనికి ఎక్కించిన మందు, దాది చేతులు కడుగుకొన్న సబ్బు, ఉడికించిన పరికరములు ఎవరికిని జ్ఞాపకముండవు. ఈ నూటయేబది యేండ్లలో మనుష్యులను నిజముగ కాపాడినవి ఎక్కువగా ఆ కనబడని పనులే.

కావున గృహస్థులతో మా మనవి యిది. ఇంటివారికి శస్త్రచికిత్స జరుగవలసి వచ్చినప్పుడు, గాయములో పొడి చల్లుమని వైద్యుని వేడుకొనవలదు; కోతకు ముందు తగినవేళకు మందిత్తురా యని యడుగుడు. చక్కెరవ్యాధి ఉన్నచో దానిని ముందే అదుపులోనికి తెచ్చుకొనుడు. ముందుగా స్నానము చేయించుడు. శుభ్రతకని కోయవలసిన చోట కత్తితో గొరిగించవలదు. ఆ సన్నని గీతలే క్రిములకు ద్వారములగును. ఇంటికి వచ్చిన పిమ్మట చేతులు కడుగుకొననిదే కట్టును తాకవలదు. ఎఱ్ఱదనము, వాపు, చీము, జ్వరము కనబడినచో పెట్టెలోని మందు వెదకక వైద్యుని యొద్దకు పొండు. పిల్లలకు తగిలిన చిన్న దెబ్బలకు మంచినీరు, సబ్బు, శుభ్రమైన గుడ్డ చాలును.

మా మందుల పెట్టెలో మిగిలియుండిన క్యాప్సూళ్లను మేము తీసివేసితిమి. శకునములను, ముహూర్తములను గూర్చి పరులను అడుగుచుండెడి "మీ కెవరు చెప్పిరి?" అను ప్రశ్నను ఇకమీదట ఆ పెట్టెను తెఱచునప్పుడు మమ్ము మేమే అడుగుకొన నిశ్చయించుకొంటిమి.